పెరో పుస్తకంలోని ముసలమ్మ

1697లో పారిస్‌లో వెలువడిన ఒక చిన్న కథల పుస్తకం మొదట్లో ఓ బొమ్మ ఉంది. చలిమంట పక్కన ముసలమ్మ నూలు వడుకుతూ కథ చెబుతోంది, ముగ్గురు పిల్లలు వింటున్నారు. ఎర్రటోపీ పాప, సిండరెల్లా, బూట్లు తొడుక్కున్న పిల్లి ఉన్నది ఈ పుస్తకంలోనే. ఆ కథలు పల్లెటూరి అవ్వల నోటినుంచి నేరుగా పుస్తకంలోకి దిగాయన్న నమ్మకానికి బలం చేకూర్చింది ఈ బొమ్మే.

రచయిత షార్ల్ పెరో పల్లెటూరివాడు కాదు. మంత్రి కోల్‌బేర్ కొలువులో ఏళ్ల తరబడి పనిచేసిన అధికారి, ఫ్రెంచి భాషా సాహిత్యాల సభ అయిన ఫ్రెంచి అకాడమీలో సభ్యుడు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ కాలం గ్రీకు, రోమన్ యుగాలకు ఏమాత్రం తీసిపోదని 1687లో అకాడమీలో కావ్యం వినిపించి, ప్రాచీనులను నెత్తిన పెట్టుకునే కవి బ్వాలో వర్గంతో తగవు తెచ్చుకున్నాడు. ప్రాచీనుల కట్టుకథలకన్నా మన అవ్వల కథల్లోనే నీతి ఎక్కువని అతని వాదన. అంటే ఆ ముసలమ్మ పెరోకు సాక్షిగా పనికొచ్చింది. తీరా పుస్తకాన్ని రాజుగారి తమ్ముడి కూతురికి అంకితమిస్తూ సంతకం మాత్రం తన కొడుకు పేరిట పెట్టించాడు.

అసలు ఈ అద్భుత కథల మోజును మొదలుపెట్టిందీ అతను కాదు. 1690లోనే రచయిత్రి మదామ్ దోనువా తన నవలలో ఒక అద్భుత కథను ఇమిడ్చింది. ఆ దశాబ్దంలో ఇలాంటి కథల్లో సింహభాగం రాసింది పారిస్ సాహిత్య గోష్ఠులకు వచ్చే స్త్రీలే. వాళ్లలో ఒకరైన మదామ్ ద మ్యురా 1699లో దాపరికం లేకుండా రాసింది: తనతోపాటు తోటి రచయిత్రులు చాలావరకు ఇటలీవాడైన స్ట్రాపరోలా పుస్తకం నుంచే తీసుకున్నారట! స్ట్రాపరోలా సంపుటాలు వెనిస్‌లో 1550లలోనే అచ్చయ్యాయి. పిల్లి తెలివితో పేదవాడు గొప్పవాడయ్యే కథ అందులో ఉంది.

అలాగని పల్లెలకు ఏ వాటా లేదనడం తొందరపాటు. ఫ్రాన్సులోని నివెర్నే ప్రాంతంలో 19వ శతాబ్దం చివర్లో అషీల్ మిలియెన్ సేకరించిన ఎర్రటోపీ పాప కథ పల్లె రూపాన్నే తీసుకోండి. అందులో పిల్లకు ఎర్రటోపీ లేదు. సూదుల దారిన వెళ్తావా, గుండుసూదుల దారిన వెళ్తావా అని మనిషి-తోడేలు అడుగుతుంది. ముందే వెళ్లి అవ్వను చంపి, ఆమె మాంసాన్నే పిల్లకు తినిపిస్తుంది. మంచమెక్కాక పిల్లకు అనుమానం తగిలి, బయటికి వెళ్లాలంటుంది. తోడేలు ఆమె కాలికి దారం కట్టి పంపితే, దాన్ని వాకిట్లో ప్లమ్ చెట్టుకు ముడివేసి ఇంటికి పరుగు తీస్తుంది. పెరో కథలో పిల్ల తోడేలు పాలవుతుంది. ఆపైన తీపి మాటల తోడేళ్లను నమ్మవద్దని ఆడపిల్లలకు పద్యంలో హితవు. ఆ నరమాంసం, ఆ దారం రాజసభకు తగవని వదిలేశాడని పండితుల అనుమానం. ఆ ఉపాయాన్ని పోగొట్టడం నాకైతే పెద్ద నష్టంగానే కనిపిస్తుంది.

అయితే ఇక్కడొక చిక్కుంది. మిలియెన్ పల్లెలు తిరిగేనాటికి పెరో పుస్తకానికి దాదాపు రెండు వందల ఏళ్లు. ఫ్రాన్సులోని త్రువా పట్టణంలో అచ్చయ్యే నీలి అట్టల చౌక పుస్తకాలను మూటగట్టి చిల్లర వ్యాపారులు ఊరూరా అమ్మారు. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపించారు. కాబట్టి పల్లెలో దొరికిన ప్రతి కథా పెరోకన్నా పాతదే అనడానికి వీల్లేదు. 1950లలో జానపద పరిశోధకుడు పోల్ దెలార్యు ఎర్రటోపీ పాప కథ రూపాలను పక్కపక్కన పెట్టి చూసి, ఎర్రటోపీ పెరో కథకే ప్రత్యేకమని, అది లేని రూపాలు అచ్చుకు ఆవల బతికాయని వాదించాడు. అందుకు భిన్నంగా 2002లో పండితురాలు రూత్ బాటిగ్‌హైమర్ పేదరికం నుంచి పెళ్లితో సిరికెక్కే తరహా కథను స్ట్రాపరోలాయే కల్పించాడని పుస్తకమే రాసింది. జానపద పరిశోధకులు చాలామంది దానిమీద విరుచుకుపడ్డారు. ఆ వాదు ఇంకా తేలలేదు.