యుద్ధంలో ఊరి పత్రికకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది: అపోహలు – వాస్తవాలు

కందుకూరులో ఆరేళ్ళు మండల విలేకరిగా పనిచేశాను. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చైన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికిన రోజులవి. తర్వాత లెక్కల వైపు వెళ్ళాను. ఇప్పుడు నెల్లూరులో ఇంటి నుంచే, యుద్ధ ప్రాంతాల్లోని చిన్న పత్రికలకు, రేడియోలకు విదేశీ దాతలు ఇచ్చే గ్రాంట్ల ఫైళ్ళు చూస్తున్నాను. బడ్జెట్ సరిచూడడం, రసీదులు అడగడం, తర్వాతి వాయిదా డబ్బు విడుదల చేయొచ్చో లేదో రాయడం నా పని. మొన్న ఒంగోలులో పాత మిత్రులు కలిసినప్పుడు ఈ డబ్బు గురించి వాళ్ళు అనుకుంటున్నవి విని మనసు కష్టపడింది. వాళ్ళను తప్పుపట్టలేను. ఈ విషయం తెలుగులో వివరంగా రాసినవాళ్ళు తక్కువ.

అపోహ: "డాలర్లు వరదలా వచ్చి పడతాయి."

నా ముందుకు వచ్చే బడ్జెట్ ఎలా ఉంటుందో చెబుతాను. న్యూస్‌ప్రింట్, ప్రింటింగ్ బిల్లు. జనరేటర్‌కు డీజిల్. ఇద్దరు విలేకరులకు, పేజీలు పెట్టే ఒక మనిషికి జీతం. పవర్ బ్యాంకులు. కట్టలు మోసే వ్యాన్‌కు టైర్లు. అంతే.

2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టాక ఉక్రెయిన్‌లో ప్రకటనల మార్కెట్ కుప్పకూలింది. మండలంలో పనిచేసినవాళ్ళకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. దసరాకు, సంక్రాంతికి యాడ్స్ టార్గెట్ పూర్తి చేయడానికి మనం ఎన్ని షాపుల గడప తొక్కుతామో గుర్తు చేసుకోండి. ఆ షాపులన్నీ మూతపడ్డాయనుకోండి. చందాదారుల్లో చాలామంది ఊరు వదిలి వెళ్ళిపోయారనుకోండి. మిగిలినవాళ్ళకు మాత్రం పేపర్ అవసరం మునుపటికంటే ఎక్కువైంది. ఆ ఖాళీని నింపడానికి వచ్చేదే ఈ డబ్బు.

ధనిక దేశాలు ఇచ్చే అభివృద్ధి సాయం మొత్తంలో మీడియాకు వెళ్ళేది ఒక శాతానికి చాలా తక్కువ. అందులోనూ యుద్ధ ప్రాంతాలకు చేరేది కొంతే. అదీ నేరుగా చేరదు. ప్రభుత్వం ఇస్తుంది, ఇంటర్‌న్యూస్, డెన్మార్క్‌కు చెందిన ఇంటర్నేషనల్ మీడియా సపోర్ట్ లాంటి మీడియాకు సాయం చేసే సంస్థ తీసుకుంటుంది, అక్కడి నుంచి ఆ దేశంలోని భాగస్వామికి, ఆ తర్వాత పత్రికకు. సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు రైతుకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పైన గేట్లు ఎత్తారన్న వార్త నిజమే, చివరి మడికి నీళ్ళు ఎప్పుడు, ఎన్ని అన్నది వేరే సంగతి.

షరతులు కూడా యుద్ధం తెలిసినవాళ్ళు పెట్టినట్టు ఉండవు. కాస్త పెద్ద కొనుగోలు ఏదైనా మూడు కొటేషన్లు కావాలంటారు. ఊళ్ళో డీజిల్ అమ్మే బంకు ఒక్కటే మిగిలితే మూడెక్కడ తెస్తారు? ఒకసారి నేనే డీజిల్ రసీదులు లేవని ఒక ఫైలు వెనక్కి పంపాను. ఎడిటర్ మారుమాట లేకుండా ఫొటో ఒకటి పంపారు. కాలిపోయిన బంకు. రూల్ ప్రకారం నేను చేసింది సరైనదే, కానీ ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో వాయిదా నెల రోజులు ఆలస్యమైంది. ఆ నెల అక్కడ జీతాలు లేవు. ఇప్పటికీ ఆ ఫొటో మర్చిపోలేదు. ఆ తర్వాత నుంచి రసీదు దొరకని ఖర్చుకు ఇద్దరు సాక్షుల సంతకాలతో కాగితం ఒప్పుకోవాలని ప్రతిసారీ వాదిస్తున్నాను.

అపోహ: "డబ్బిచ్చినవాడే వార్త రాయిస్తాడు."

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. తూర్పు యూరప్ కమ్యూనిస్టు దేశాలకు వార్తలు పంపిన రేడియో ఫ్రీ యూరప్‌కు 1970ల మొదటి వరకు అమెరికా గూఢచార సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బిచ్చింది. అది చరిత్ర, దాచాల్సిన పని లేదు. అందుకే ఎవరు ఇచ్చారో పత్రిక బయటపెట్టిందా లేదా అన్నదే నేను మొదట చూస్తాను. ఒకే దాత మీద ఆధారపడిన పత్రిక కంటే నలుగురి దగ్గర కొంచెం కొంచెం తీసుకునే పత్రిక క్షేమం. వార్తల్లో జోక్యం ఉండదని ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నేను చూసిన ఫైళ్ళలో "ఈ వార్త వేయండి, ఇది ఆపండి" అన్న ఆదేశం కనిపించలేదు.

అయితే అసలు ఇబ్బంది ఇంకో దారిలో వస్తుంది. దాత ఈ ఏడాది "తప్పుడు సమాచారంపై పోరాటం" అని పిలుపు ఇస్తాడు. వెంటనే దరఖాస్తులన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. ఆ ఊళ్ళో మంచినీళ్ళ పైపు పగిలి ప్రజలు బాధపడుతుంటారు, ఎడిటర్‌కు రాయాలనున్నది ఆ పైపు గురించే. కానీ జీతాలు రావాలంటే దరఖాస్తులో ఇంకేదో రాయాలి. ఇది ఆజ్ఞ కాదు, అయినా మనిషిని పక్కకు లాగుతుంది. సర్పంచ్ కొత్త సంవత్సరం శుభాకాంక్షల యాడ్ ఫుల్ పేజీ ఇచ్చాక, మర్నాటి సిమెంట్ రోడ్డు వార్త ఎందుకు చిన్నదైపోతుందో మనకు తెలుసు కదా. అలాంటి బరువే ఇది. దీనికి మందు ఒకటే: ఫలానా ప్రాజెక్టుకు అని కాకుండా, పత్రిక నడవడానికి అని డబ్బివ్వాలి. దాతల్లో దాన్ని ఒప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువే.

అపోహ: "ఫోన్లు ఉండగా ఊరి పత్రిక ఎందుకు? వాట్సాప్ చాలదా?"

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. ఆ రాత్రి వాట్సాప్‌లో సోమశిల డ్యామ్ గురించి ఎన్ని పుకార్లు తిరిగాయో నెల్లూరు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కరెంటు పోయాక ఆ పుకార్లు కూడా ఆగాయి, నిజమైన కబురూ ఆగింది. మనకు అది కొన్ని రోజులే.

ఉక్రెయిన్‌లో జపోరిజియా దగ్గర ఒరిఖివ్ అనే పట్టణం ఉంది. యుద్ధరేఖకు ఆనుకునే. అక్కడి పత్రిక పేరు 'త్రుదోవా స్లావా', అంటే శ్రమ కీర్తి. కరెంటు, ఇంటర్నెట్ లేని చోట జనం చేతికి అందేది అచ్చు కాగితమే కాబట్టి, బయటి సాయంతో అలాంటి పత్రికలు మళ్ళీ అచ్చయ్యాయి. వాటిలో ఉండేది పెద్ద రాజకీయం కాదు. పింఛను ఎక్కడ ఇస్తారు, వైద్యుడు ఏ రోజు వస్తాడు, ఏ బస్సు ఎక్కితే బయటపడొచ్చు. సూడాన్‌లో ఇదే పని రేడియో చేస్తుంది. 2008 నుంచి రేడియో దబంగా నెదర్లాండ్స్‌లో ఉండి, చాలా దూరం అందే షార్ట్‌వేవ్‌లో వార్తలు పంపుతోంది. టవర్లు పనిచేయని చోట రేడియోయే దిక్కు.

అపోహ: "బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, హెల్మెట్ ఇస్తే విలేకరి సురక్షితం."

మెత్తటి జాకెట్ పిస్టల్ తూటానే ఆపుతుంది. రైఫిల్ తూటా ఆగాలంటే ముందూ వెనకా గట్టి పలకలు పెట్టాలి, అప్పుడు సెట్ బరువు పది కిలోల దాకా ఉంటుంది. చేతులకు, కాళ్ళకు ఏ రక్షణా ఉండదు. అందుకే రక్తస్రావాన్ని బిగించి ఆపే పట్టీ, అది కట్టడం నేర్పే శిక్షణ, బీమా మూడూ కలిసి వెళ్ళాలని నేను పట్టుబడతాను. చాలా దేశాల్లో జాకెట్ల ఎగుమతికి లైసెన్సు కావాలి, అక్కడే వారాలు పోతాయి. జెనీవా ఒప్పందాల 1977 అదనపు ప్రోటోకాల్‌లోని 79వ అధికరణ ప్రకారం విలేకరి పౌరుడే, అతనిపై దాడి చేయకూడదు. చట్టం అలా ఉన్నా, జర్నలిస్టుల రక్షణ కమిటీ (సీపీజే) లెక్కలో 2024లో ప్రపంచవ్యాప్తంగా కనీసం 124 మంది విలేకరులు, మీడియా సిబ్బంది చనిపోయారు. ఎక్కువమంది గాజాలో. అక్కడికి విదేశీ విలేకరులను స్వేచ్ఛగా వెళ్ళనివ్వలేదు, చనిపోయినవాళ్ళు దాదాపు అందరూ ఆ ఊళ్ళవాళ్ళే. పగలు వార్త పంపి, రాత్రి అదే టెంటులో పిల్లలతో పడుకున్నవాళ్ళు. అలాంటి విలేకరికి పది కిలోల జాకెట్ కంటే ముందు తిండి, ఫోన్ చార్జింగ్ కావాలి.

అపోహ: "ఒకసారి గ్రాంట్ వస్తే ఇక టెన్షన్ లేదు."

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ బయటపెట్టిన వివరాల ప్రకారం, అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్ ఎయిడ్ 2023లో 6,200 మంది జర్నలిస్టులకు, 707 వార్తా సంస్థలకు సాయం చేసింది. ఉక్రెయిన్‌లో పదింట తొమ్మిది మీడియా సంస్థలు సాయం మీదే నడుస్తున్నాయనీ, అందులో ప్రధాన దాత యూఎస్ ఎయిడేననీ కూడా రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అప్పట్లో చెప్పింది. ఒక్క సంతకంతో జీతాలు ఆగాయి. అంతమందికి ఒకే చెరువు నీళ్ళు అలవాటు చేసిన తప్పు ఈ రంగంలో పనిచేసే మా అందరిదీ. మూడు నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉంచుకోవడానికి ఒప్పందాల్లో చోటివ్వమని మేం ముందే గట్టిగా అడగాల్సింది.

అపోహ: "అన్నా, మా వెబ్‌సైట్‌కు కూడా ఇప్పించరాదా?"

ఒంగోలులో నలుగురు అడిగారు. కుదరదు. మన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2010లోని 3వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పత్రిక విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, ఎడిటర్, యజమాని, ప్రింటర్, పబ్లిషర్ ఎవరూ విదేశీ విరాళం తీసుకోకూడదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆడియో, వీడియో వార్తలు తయారుచేసే సంస్థలకూ, వాటిలో పనిచేసే విలేకరులకూ ఇదే నిషేధం. విదేశీ పత్రికకు కథనం రాసి పారితోషికం తీసుకోవడం వేరు, అది పనికి కూలి, విరాళం కాదు. ఈమధ్య "యుద్ధ వార్తలకు గ్రాంట్" అంటూ మెయిళ్ళు వస్తున్నాయని ఒక కుర్రాడు ఫోన్‌లో చూపించాడు. ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టమని ఉంది. ఏ నిజమైన దాతా దరఖాస్తుకు ఫీజు అడగడు. అలాంటిది వస్తే బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వకండి, మీ ఊళ్ళో చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఒకసారి చూపించండి.