హెల్మెట్ ఉందిగా, స్కాన్ నార్మలేగా: ఫుట్‌బాల్ కంకషన్ మీద అపోహలు - వాస్తవాలు

"స్పృహ తప్పలేదు కదక్కా, మరి ఎందుకు ఆపేశారు?"

అమెరికాలో డాలస్ శివార్లలో ఒక హైస్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్‌గా, అంటే ఆటగాళ్ల గాయాలు చూసుకునే మనిషిగా పనిచేస్తాను. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉందంటే నేను సైడ్‌లైన్‌లో ఉంటాను. తలకి దెబ్బ తగిలి కంకషన్, అంటే మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం, అనిపిస్తే పిల్లల్ని ఆట నుంచి ఆపేది నేనే. ఈమధ్య మన పిల్లలు అమెరికన్ ఫుట్‌బాల్‌లోకి బాగా వస్తున్నారు, ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులూ పెరిగారు. 2024 సీజన్‌లో మరీనూ. సెప్టెంబర్ 12 రాత్రి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డాల్ఫిన్స్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) టువా తల వంచి డిఫెండర్ మీదికి దూసుకెళ్లాడు. కిందపడ్డాక అతని చెయ్యి బిగుసుకుపోయి ఉండటం టీవీలో అందరూ చూశారు. మర్నాటికల్లా వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల కథలు. తెలుసుకోవాల్సిన అసలు సంగతి మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ లేదు.

అపోహ: స్పృహ తప్పలేదు, స్కాన్ నార్మల్ వచ్చింది, కాబట్టి ఏమీ కాలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. కంకషన్ అయినవాళ్లలో చాలామందికి అసలు స్పృహ తప్పదు. ఇక సీటీ స్కాన్ చూసేది లోపల రక్తం కారుతోందా, పుర్రె చిట్లిందా అని. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు పనితీరు. కణాల్లో లవణాల లెక్క తప్పుతుంది. దాన్ని సర్దుకోవడానికి మెదడుకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే దానికి అందే రక్తం తగ్గుతుంది. ఇదేదీ స్కాన్‌లో కనపడదు. రిపోర్టు నార్మల్ వస్తే లోపల రక్తస్రావం లేదని అర్థం. అది మంచి వార్తే. అంతమాత్రాన సోమవారం ప్రాక్టీస్‌కి పంపొచ్చని కాదు.

ఒక మ్యాచ్‌లో మన తెలుగబ్బాయే, లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు), ఎదుటివాణ్ణి గట్టిగా టాకిల్ చేసి, అంటే పట్టి పడగొట్టి, లేచాడు. చప్పట్లు కూడా కొట్టాడు. తర్వాతి ప్లేకి మాత్రం కోచ్ సైగ చూసి కూడా ఎక్కడ నిలబడాలో తెలియక పక్కవాడి వైపు చూస్తున్నాడు. పిలిపించి అడిగాను: ఇప్పుడు ఏ క్వార్టర్? చివర ఎవరు స్కోర్ చేశారు? పోయినవారం ఎవరితో ఆడాం? మొదటిదానికి స్కోర్‌బోర్డు వైపు తిరిగి చూశాడు. ఆఖరిదానికి పోయినవారం టీమ్ కాకుండా, దానికి ముందు వారం ఆడిన టీమ్ పేరు చెప్పాడు. వెంటనే హెల్మెట్ తీసుకుని నా కిట్ వెనక పెట్టేశాను. ట్రైనర్లు మామూలుగా చేసే పనే ఇది. హెల్మెట్ చేతిలో ఉంటే మనం ఇటు తిరిగేసరికి పిల్లలు మళ్లీ ఫీల్డ్‌లో ఉంటారు.

వాళ్ల నాన్నగారు కంచె దగ్గరికి వచ్చేశారు. "నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఏమైందండీ వాడికి? వీణ్ణి టీమ్‌లోకి తీసుకోవచ్చా అని చూడ్డానికి కాలేజీవాళ్లు వచ్చింది ఈరోజే." ఆయన గొంతులో కోపం కంటే టెన్షన్ ఎక్కువుంది. ఆయన్ని నేను తప్పుపట్టను. కొడుకు ఎన్ని తెల్లవారుజాముల్లో లేచి వెయిట్ రూమ్‌కి వెళ్లాడో చూసిన మనిషి. ఆ రాత్రే ఈఆర్‌కి (ఎమర్జెన్సీకి) తీసుకెళ్లి, "అంతా నార్మల్" అని రిపోర్టు ఫొటో పంపారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లమ్మగారి ఫోన్: "అక్కా, ఆల్జీబ్రాలో ఒకే లెక్క అరగంట నుంచి చూస్తూ కూర్చున్నాడు. లైటు వేస్తే కసురుకుంటున్నాడు. వీడెప్పుడూ ఇలా లేడు." కంకషన్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. స్ట్రెచర్ ఉండదు, అంబులెన్స్ ఉండదు.

లక్షణాలు ఆలస్యంగా బయటపడటం కూడా మామూలే. క్రికెట్ చూసేవాళ్లకి 2019 లార్డ్స్ టెస్టు గుర్తుండే ఉంటుంది. ఆర్చర్ బంతి మెడకి తగిలి పడిపోయిన స్టీవ్ స్మిత్ కాసేపటికి తిరిగొచ్చి బ్యాటింగ్ చేశాడు, 92కి అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచాకే లక్షణాలు తెలిశాయి, అతని బదులు లబుషేన్ ఆడాల్సి వచ్చింది. అందుకే దెబ్బ తగిలిన అయిదు నిమిషాలకి "బాగానే ఉన్నాను" అని పిల్లాడు చెప్పే మాట మీద నేను నిర్ణయం తీసుకోను.

అసలు భయపడాల్సింది మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండో దెబ్బకి. మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వచ్చేది ఎక్కువగా టీనేజర్లకే. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల అబ్బాయికి మొదటి హాఫ్‌లో తలకి దెబ్బ తగిలింది. కాసేపు కూర్చుని మళ్లీ ఆడాడు. ఆట ముగిసేసరికి అక్కడే కుప్పకూలాడు. తిరిగి నిలబడటానికి ఏళ్లు పట్టింది. అతని పేరు మీద 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది, తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. టెక్సాస్‌లో 2011 నుంచి ఉంది: అనుమానం వస్తే వెంటనే ఆట ఆపాలి, ఆ రోజు మళ్లీ దించకూడదు, డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నన్ను బతిమాలినా, కోచ్‌ని బతిమాలినా ఇందులో మార్పు ఉండదు.

తిరిగి ఆటలోకి రావాలంటే ముందు క్లాసులో మామూలుగా కూర్చోగలగాలి. ఆపైన తేలికపాటి కార్డియో, పరుగు, కాంటాక్ట్ (ఒకరినొకరు ఢీకొనడం) లేని డ్రిల్స్, పూర్తి ప్రాక్టీస్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు కిందికి.

"రెండు వారాలు కూర్చుంటే వాడి ప్లేసు పోతుంది" అంటారు. ఈగిల్స్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని చూడండి. 2024 డిసెంబర్ 22న వాషింగ్టన్ టీమ్‌తో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌లోనే కంకషన్‌తో బయటికొచ్చాడు. ఈగిల్స్ ఆ మ్యాచ్ ఓడిపోయారు. అతను తర్వాతి రెండు మ్యాచ్‌లూ ఆడలేదు. అందులో ఒకదాంట్లో మా డాలస్ టీమ్ కౌబాయ్స్‌ని అతను లేకుండానే 41-7తో చితక్కొట్టారు, ఆ బాధ వేరు. ప్లేఆఫ్స్‌కి తిరిగొచ్చాడు. 2025 ఫిబ్రవరి 9న లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ని 40-22తో ఓడించి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ సీజన్ మొత్తంలో మన పిల్లలకి చూపించాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

అపోహ: ఖరీదైన హెల్మెట్ కొంటే చాలు.

హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది. కొబ్బరికాయ ఊపితే లోపల నీళ్లు కదిలినట్టే, తల ఒక్కసారిగా ఊగితే మెదడు లోపల కదులుతుంది, దాన్ని ఏ కంపెనీ హెల్మెట్టూ పూర్తిగా ఆపలేదు. మంచి హెల్మెట్లు, సరైన ఫిట్టింగ్ దెబ్బ తీవ్రతని తగ్గిస్తాయి, కాదనను. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కంకషన్లు 182కి తగ్గాయి, అంతకుముందు ఏడు 219. కొత్త హెల్మెట్లతో పాటు కికాఫ్‌కి (ఆట మొదలుపెట్టే కిక్‌కి) వచ్చిన కొత్త రూలు, తల ఎక్కడ పెట్టి టాకిల్ చేయాలో నేర్పడం కూడా ముఖ్యమే.

రూల్స్ ఉన్నా పెద్దవాళ్లు పట్టించుకోకపోతే ఏం లాభం? ఆ సీజన్ కాలేజీ ప్లేఆఫ్ మ్యాచ్ పీచ్ బౌల్‌లో స్కోరు 24-24 ఉండగా అరిజోనా స్టేట్ రిసీవర్‌కి (బంతి అందుకునే ఆటగాడికి) తగిలిన దెబ్బని రిఫరీలు రివ్యూ చేసి కూడా టార్గెటింగ్ (తలకి గురిపెట్టి కొట్టే ఫౌల్) కాదన్నారు. నేను అవతలి టీమ్, టెక్సాస్ యూనివర్సిటీ లాంగ్‌హార్న్స్ అభిమానిని. మేం రెండు ఓవర్‌టైమ్‌లాడి 39-31తో గెలిచాం. అయినా అది టార్గెటింగే. మా స్కూల్ పిల్లలు మర్నాడు నన్ను అడిగితే కూడా అదే చెప్పాను. తర్వాత కాటన్ బౌల్‌లో ఒహాయో స్టేట్ చేతిలో ఓడిపోయినందుకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు, కానీ ఆ దెబ్బని వెనకేసుకురాలేను.

మిగతా అపోహలు, వాటికి జవాబులు తొందరగా చెప్పేస్తాను.

రాత్రంతా నిద్రపోనివ్వకూడదు: డాక్టర్ చూసి పంపాక పడుకోనివ్వండి, నిద్ర కావాలి. ఆగకుండా వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఒక కనుపాప పెద్దదవడం, ఫిట్స్, చెయ్యో కాలో పట్టు తప్పడం, లేపితే లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా 911కి ఫోన్ చేయండి.

వారం రోజులు చీకటి గదిలో ఉంచాలి: అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ తగ్గించడం, తర్వాత మెల్లగా నడక. గదిలో బంధిస్తే పిల్లలు ఇంకా దిగాలుపడతారు.

ఫుట్‌బాల్ ఆడితే సీటీఈ (తలకి పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు) ఖాయం: 2017 అధ్యయనంలో 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 110 మందికి ఉందన్నది నిజం. కానీ అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు, చాలావరకు లక్షణాలు చూసి అనుమానంతో ఇచ్చినవి. ఆ అంకెని ఏడో క్లాసు పిల్లాడికి అంటించి భయపడొద్దు. ఏళ్ల తరబడి తగిలే దెబ్బలతో ముప్పు పెరుగుతుందన్నది మాత్రం నిజం. అందుకే ప్రాక్టీస్‌లో కాంటాక్ట్ ఎంతసేపు అని కోచ్‌ని అడగండి. అడిగే హక్కు మీకుంది.

బిల్స్ టీమ్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె మ్యాచ్‌లో ఆగింది కోవిడ్ టీకా వల్ల: ఈ ఫార్వర్డ్ ఇంకా తిరుగుతూనే ఉంది, దయచేసి ఆపండి. 2023 జనవరి 2న గుండె కొట్టుకోవడంలో సరిగ్గా ఒక సున్నితమైన క్షణంలో ఛాతీకి తగిలిన దెబ్బతో గుండె లయ తప్పింది. దాన్ని కమోషియో కార్డిస్ అంటారు. అతను బతికింది నిమిషాల్లో సీపీఆర్, ఏఈడీ (గుండెకి షాకిచ్చే పరికరం) అందినందుకు. సీపీఆర్ మొదలుపెట్టింది నాలాంటి ఒక అథ్లెటిక్ ట్రైనరే. 2024లో హామ్లిన్ మళ్లీ బిల్స్ తరఫున స్టార్టర్‌గా ఆడాడు. టువా తల తగిలిన ఆ డిఫెండర్ అతనే.

ఈసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు స్టేడియంలో ఏఈడీ ఎక్కడుందో ట్రైనర్‌ని అడగండి. మా దగ్గర ఒకటి ట్రైనింగ్ రూమ్ తలుపు పక్కన గోడకి, ఇంకొకటి హోమ్ సైడ్‌లైన్‌లో నీళ్ల కూలర్ల పక్కన ఉంటుంది.