కోలాటం కర్రలు పట్టే ముందు

చిరంజీవులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

దసరాకి మీ అపార్టుమెంటులో దాండియా ఆడి అందరి చేతా మెప్పు పొందారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆ ఊపులోనే వచ్చే శ్రీరామనవమికి మన ఊరి కోలాటం జట్టులో నిలబడతామన్నారు. "రెండూ కర్రలాటే కదా అమ్మమ్మా, ఒక్క పూటలో వచ్చేస్తుంది" అన్నాడు చిన్నవాడు. వస్తుంది కానీ ఒక్క పూటలో రాదు. ఫోనులో చెబితే ఊఁ కొడతారు తప్ప వినరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకొని, చెప్పిన వరసలోనే చేయండి. ముందు కర్రల జోలికి పోవద్దు.

దాండియా గుజరాతువాళ్ల నవరాత్రి ఆట. ఎక్కువగా ఎదురెదురు వరసల్లో నిలబడి ఆడతారు. మన కోలాటం ఎక్కువగా గుండ్రంగా తిరిగే ఆట. అందరూ ఒకే వలయంగా ఆడితే ఏక కోలాటం. లోపల ఒక వలయం, బయట ఒక వలయం కట్టి ఎదురెదురుగా ఆడితే జంట కోలాటం. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకొని తిరుగుతూ వాటిని జడగా అల్లితే జడ కోలాటం. ఇది కొత్తగా పుట్టిన ఆట కాదు. పోయిన సెలవుల్లో హంపి వెళ్లారు కదా, అక్కడ మహానవమి దిబ్బ రాళ్ల మీద కర్రలు పట్టుకొని ఆడేవాళ్ల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మీరు ఏనుగుల బొమ్మల దగ్గర ఫోటోలు దిగే హడావిడిలో వాటిని చూసి ఉండరు.

నా చిన్నతనంలో మన ఊళ్లో కోలాటం మగవాళ్లదే. సార్వా కోతలు అయి, ధాన్యం ఇళ్లకు చేరాక, ఖాళీ అయిన కళ్లంలో రాత్రిళ్లు నేర్చుకొనేవారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం. చూసి చూసి అడుగులన్నీ మాకే ముందు వచ్చేసేవి, అది వేరే సంగతి. ఇప్పుడు జట్టులో ముప్పాతిక వంతు ఆడవాళ్లే. ఒకే రంగు చీరలు, ఒకే రకం జాకెట్లు. చీరల మీద పెట్టే శ్రద్ధలో సగం అడుగుల మీద పెడితే బాగుండునని నేనంటాను, నన్ను చాదస్తమని వాళ్లంటారు.

ఇక అడుగు. తకధిమి, తకధిమి అని పైకి అనండి. నాలుగు అక్షరాలు, నాలుగు లెక్కలు. ఒకటికి కుడికాలు ముందుకు వేయాలి, జానెడు చాలు. రెండుకి ఎడమకాలు తెచ్చి కుడికాలి పక్కన మునివేళ్లతో తట్టాలి. మూడుకి అదే ఎడమకాలు వెనక్కి వేయాలి. నాలుగుకి కుడికాలు తెచ్చి దాని పక్కన తట్టాలి. మళ్లీ ఒకటికి కుడికాలే ముందుకు. ఇంతే. వినడానికి ఏమీ లేనట్టుంటుంది, కానీ కొత్తగా వచ్చినవాళ్లు నూటికి తొంభైమంది రెండో లెక్క దగ్గరే దొరికిపోతారు. తట్టవలసిన కాలిని మోపేస్తారు. ఒంటి బరువు దాని మీదికి వెళ్లిపోతుంది. మూడో లెక్కకి అదే కాలు వెనక్కి తీయాలి కదా, బరువు మోస్తున్న కాలు ఎలా లేస్తుంది? తడబడి రెండో కాలు తీస్తారు. అక్కడి నుంచి పాట అయిపోయేదాకా పక్కవాళ్లకి ఎదురు అడుగే పడుతుంది. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడం తేలిక. రెండు దగ్గర ఆగిపోయి ఎడమకాలు గాలిలోకి ఎత్తండి. ఒళ్లు తూలకుండా లేచిందా, మీ అడుగు సరే. తూలారా, మళ్లీ మొదటినుంచి.

మేడ మీద చేసుకోండి, కానీ ఎక్కువసేపు వద్దు. మట్టినేల అడుగుని కొంత మింగుతుంది, కాంక్రీటు మొత్తం మోకాలికే తిప్పి కొడుతుంది. చెప్పులు విప్పండి. చాప పరవవద్దు, జారుతుంది.

ఈ నాలుగూ నోటితో అనకుండా కూడా పడుతున్నప్పుడు మూడు లెక్కల నడక పట్టుకోండి. తకిట, తకిట. కుడి, ఎడమ, కుడి. తరవాత ఎడమ, కుడి, ఎడమ. ఇందులో తట్టు లేదు, మూడూ బరువు మోపే అడుగులే. మొదలుపెట్టే కాలు ప్రతిసారీ మారుతూ ఉంటుంది. పెద్దదానికి ఇది నాలుగు లెక్కల కంటే త్వరగా వస్తుందనుకుంటాను, నడకలో కాస్త ఊగే అలవాటు ఉంది కదా.

ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడండి. కర్రలు ఇంకా వద్దు, చేతులతోనే. చెమ్మచెక్క ఆడినట్టే. మొదటి తకధిమిలో ఇద్దరూ ముందుకు వస్తారు, రెండో లెక్కకి కుడి అరచేయి కుడి అరచేతిని కలవాలి. వెనక్కి వెళ్తారు, నాలుగో లెక్కకి ఎవరి చప్పట్లు వారివి. రెండో తకధిమిలో ముందుకు వచ్చి ఎడమ అరచేతులు కలపాలి, వెనక్కి వెళ్లి మళ్లీ సొంత చప్పట్లు. చూశారా, కాలు తట్టే లెక్కకే చేయి మోగుతోంది. కాలు ఒకచోట, చప్పుడు ఇంకొకచోట పడుతుంటే తప్పు చేతిదని అనుకోకండి, కాళ్లే చూసుకోండి.

కర్ర పట్టుకోవడం. కింది కొసని రెండు వేళ్ల వెడల్పు వదిలి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకోవాలి. మిగతా రెండు వేళ్లు ఊరికే ఆనించి ఉంచాలి. పిడికిలి బిగిస్తే కర్ర మోగదు, చచ్చిన చప్పుడు వస్తుంది. పైగా సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది. కర్ర మధ్యలో పట్టుకున్నవాళ్లకి కణుపుల మీద దెబ్బ తప్పదు. ఎదుటి కర్రను పైనుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా కలవాలి. చేవ ఉన్న ఎండు కర్ర అక్కడ తాకితే టక్కుమని పొడిగా మోగుతుంది. మీరు ఆన్‌లైనులో చూసిన ప్లాస్టిక్కువి కొనవద్దు. వెదురువి కూడా వద్దు, చీలితే పెచ్చు లేచి చేతికి గుచ్చుకుంటుంది.

ఇద్దరూ చేతులు చాచి నిలబడితే కర్రల మొనలు ఆనాలి. అదీ మీ మధ్య ఉండవలసిన దూరం. జానెడు జానెడు ముందుకు రాగానే మోచేతులు వంగి, కర్రలు సరిగ్గా కలవవలసిన చోటే కలుస్తాయి. ఎత్తు మాత్రం పొట్టివాళ్లను బట్టి ఉండాలి. పెద్దదానా, నీ గుండె ఎత్తులో కలిపితే అది వాడి కళ్లకి వస్తుంది. వాడి గుండె ఎత్తుకి నువ్వే దిగాలి. గడ్డం దాటి కర్ర పైకి లేవకూడదు. ఇందులో రాజీ లేదు, కన్ను పోతే మళ్లీ రాదు.

దాండియాలో మీరిద్దరూ ఏం చేశారో వీడియోలో చూశాను. ఒకరి కర్రని ఒకరు వెంటాడి కొట్టారు. చిన్నవాడు ఆలస్యంగా వస్తే పెద్దది కర్ర పట్టుకొని ఎదురుచూసింది. వాడు తొందరపడితే తను ముందుకు ఉరికింది. కోలాటంలో అలా కుదరదు. మద్దెల అందరికీ ఒక్కటే. మీ ఇద్దరి మధ్య గాలిలో ఒక చోటు ఉంది, రెండో లెక్కకి నీ కర్ర అక్కడికి చేరాలి. ఎదుటి కర్ర కూడా తన వేళకి అక్కడికే వస్తుంది. రాలేదా, గాలికే తగిలించి నాలుగో లెక్కకి నీ కర్రలు నువ్వు మోగించుకో. ఆగినా, వెతికినా, "అయ్యో" అని మొహం పెట్టినా, ఆ ఒక్క తప్పు వలయమంతా పాకుతుంది. చూపు కర్ర మీద ఉండకూడదు, ఎదుటివారి భుజం మీద ఉండాలి. కర్ర కదలడానికి ముందే భుజం కదులుతుంది. బాగా ఆడేవాళ్లు మొహంలోకే చూస్తూ నవ్వుతూ ఆడతారు, భుజం వాళ్లకి ఓరకంట కనిపిస్తూనే ఉంటుంది.

జతగా ఆడేవారిని ఉద్ది అంటారు. లోపలి వలయంలో ఉన్నవాళ్లు లో ఉద్ది, బయటివాళ్లు వెలి ఉద్ది. మీరిద్దరే జతగా ఆడతామని మాట తీసుకున్నారట. అది రెండు నిమిషాలు కూడా చెల్లదు. ఆట నేర్పి నడిపించే పంతులు మధ్యలో నిలబడి ఈల వేయగానే కోపు, అంటే ఆట తీరు, మారుతుంది, ఉద్ది మారుతుంది. ఇక్కడ ఒక తమాషా లెక్క ఉంది. 8 జతలు ఉన్నాయనుకోండి. ఈల వేసినప్పుడల్లా లో ఉద్ది కుడివైపు ఒక చోటు, వెలి ఉద్ది కూడా తన కుడివైపే ఒక చోటు జరిగితే, ఎదురెదురుగా ఉన్నవాళ్లు కాబట్టి రెండు వలయాలూ వ్యతిరేకంగా తిరుగుతాయి. 4 మార్పులకే మొదటి ఉద్ది మళ్లీ ఎదుటికి వస్తుంది. అంటే ఎదుటి వలయంలో 4గురితోనే ఆడతారు, మిగతా 4గురూ చేయి దాటిపోతారు. అదే 7 జతలైతే అందరితోనూ ఆడాకే మొదటివారు వస్తారు. 8 జతలతోనే అందరూ కలవాలంటే ఒక వలయాన్ని నిలబెట్టి రెండోదాన్నే జరపాలి. నమ్మకపోతే చింతపిక్కలు రెండు గుండ్రాలుగా పేర్చి జరిపి చూడండి. అందుకే ఇంట్లో చేసేటప్పుడు లో ఉద్ది ఒకసారి, వెలి ఉద్ది ఒకసారి, ఇద్దరూ రెండూ చేయండి. మీకు ఎదురుగా ఎవరు వస్తారో మీ చేతుల్లో లేదు. కొందరి కర్ర బరువుగా పడుతుంది, కొందరిది తాకిందో లేదో తెలియదు. మీ చేయి మాత్రం మారకూడదు.

పాట రెండో కాలంలోకి వెళ్లినప్పుడు వేగం రెట్టింపవుతుంది. పిల్లలు అప్పుడు గెంతడం మొదలుపెడతారు. గెంతవద్దు. జానెడు అడుగుని బెత్తెడు చేయండి, కర్రని కొద్దిగానే ఎత్తండి, వేగం దానంతట అదే అందుతుంది. ఊరేగింపులో అయితే గుండ్రం ఉండదు, రెండు వరసలుగా సాగుతూ ఆడాలి. వెనక్కి వేసే అడుగు చిన్నది, ముందుకు వేసేది పెద్దది. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం ముందు మన జట్టు అలా ఆడుతూ వెళ్తుంది, వస్తే చూద్దురుగాని.

జడ కోలాటం సంగతి చిన్నవాడు మరీ మరీ అడిగాడు. ఎడమచేతిలో తాడు, కుడిచేతిలో ఒకటే కర్ర. సగంమంది ఒకవైపు, సగంమంది ఎదురువైపు తిరుగుతారు. ఎదురైనవారిని ఒకసారి లోపలి నుంచి, తరవాతివారిని బయటి నుంచి దాటుతూ పోతే పైన జడ పడుతుంది. అల్లడం కంటే విప్పడం కష్టం. చివరి దాటుని ముందుగా, వచ్చిన దారినే వెనక్కి విప్పుకుంటూ రావాలి. ఒక్కరు ఒక్కసారి లోపలికి బదులు బయటికి వెళ్లినా ముడి పడి కూర్చుంటుంది, ఇక ఎవరో నిచ్చెన ఎక్కి చేత్తో విప్పవలసిందే. ఈ ఏడు మీ చేతికి తాడు ఇవ్వరు. నేను సిఫారసు చేయను కూడా.

కర్రలు ఇక్కడే వడ్రంగి చేత తరిణె పట్టించి చేయిస్తాను. మోచేయి నుంచి మణికట్టు దాకా ఎంత ఉందో దారంతో కొలిచి, దానికి పిడికిలంత కలిపి, ఇద్దరివీ విడివిడిగా రాసి పంపండి. ఏది ఎవరిదో పేరు వేయండి. మువ్వలు కావాలంటే ఇప్పుడే చెప్పండి, వాటికి పనివాడు వేరు. చిన్నవాడి కొలతకి మాత్రం నేను ఒక అర అంగుళం కలిపే చెబుతాను, నవమి నాటికి ఎలాగూ ఎదుగుతాడు.

ఇట్లు,
మీ అమ్మమ్మ