కాన్సెప్ట్ ఆల్బమ్‌పై అపోహలు - వాస్తవాలు

మిక్సింగ్, మాస్టరింగ్ నా వృత్తి, అంటే రికార్డ్ చేసిన పాటల శబ్దాలను కలిపి, సరిదిద్ది విడుదలకు సిద్ధం చేయడం. ఇండీ బ్యాండ్‌ల కుర్రాళ్లు డెమోలు పట్టుకొచ్చి "మాది కాన్సెప్ట్ ఆల్బమ్ అన్నా" అంటుంటారు. అంటే పాటలన్నీ కలిసి ఒకే కథనో, ఒకే భావాన్నో చెప్పే ఆల్బమ్. వెంటనే కొన్ని అపోహలూ బయటపడతాయి. అప్పుడు నేను ది యాంట్లర్స్ బ్యాండ్ 2009లో తెచ్చిన 'హాస్పిస్' పెట్టి వినిపిస్తాను.

అపోహ: కథ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాలి.

వాస్తవం: చావుకు దగ్గరైన ఒక రోగి, ఆమెను చూసుకునే ఒక మనిషి. 'హాస్పిస్' కథ ఇంతే. మనిషిని లోలోపల నలిపేసే ఒక బంధాన్నే ఆసుపత్రి కథగా మలిచానని పాటలు రాసిన పీటర్ సిల్బర్‌మన్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఏది ఎప్పుడు జరిగిందో వరసగా చెప్పడు. కథను పట్టి ఉంచేది బాణీ. ఐదో పాట 'బేర్' బాణీయే చివరి పాట 'ఎపిలోగ్'లో వేరే మాటలతో మళ్లీ వస్తుంది. అక్కడ ఆమె బతికే ఉంది. ఇక్కడ పోయాక అతని పీడకలల్లోకి వస్తోంది. బాణీ గుర్తుపట్టగానే ఆమె అతన్ని ఇంకా వదల్లేదని మనకు తెలిసిపోతుంది. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. అందుకే పాటల మధ్య వ్యాఖ్యానం రికార్డ్ చేద్దామనే వాళ్లని, మళ్లీ రావాల్సిన బాణీ ఏదో ముందు తేల్చుకోమంటాను.

అపోహ: ఇవి డెబ్బైల నాటి రాక్ బ్యాండ్‌ల సరుకు.

వాస్తవం: ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ కాన్సెప్ట్ ఆల్బమ్ 'ది సబర్బ్స్' వచ్చింది 2010లో. మరుసటి ఏడాది ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ దానికే దక్కింది.

అపోహ: పెద్ద స్టూడియో, పెద్ద లేబుల్ (రికార్డ్ కంపెనీ) ఉంటేనే కుదురుతుంది.

వాస్తవం: 'హాస్పిస్' చాలావరకు బ్రూక్లిన్‌లో, ఇంట్లోనే తయారైంది. మొదట సొంతంగా విడుదల చేసుకున్నారు. అదే ఏడాది ఫ్రెంచ్‌కిస్ రికార్డ్స్ మళ్లీ తెచ్చింది.

అపోహ: అన్ని పాటలూ ఒకే సౌండ్‌లో ఉండాలి.

వాస్తవం: ఎక్కువ ఆల్బమ్‌లు పాడయ్యేది ఇక్కడే. 'హాస్పిస్'లోనే 'సిల్వియా' పాట వినండి. చరణంలో గొంతు దాదాపు గుసగుస. పల్లవి రాగానే గిటార్లు, డ్రమ్స్ విరుచుకుపడతాయి. ఆ గుసగుసను లిమిటర్‌తో (పెద్ద శబ్దాలను హద్దులో ఆపి మొత్తం స్థాయిని పెంచే సాధనం) పైకి లాగేస్తే పల్లవి చప్పబడిపోతుంది. "స్పాటిఫై ఎలాగూ అన్నిటినీ సమానం చేస్తుంది కదా" అని అడుగుతారు. అలా శబ్ద స్థాయిని సమానం చేసే నార్మలైజేషన్ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా, ఆల్బమ్‌ను వరసగా ప్లే చేస్తే స్థాయి సవరణ మొత్తం ఆల్బమ్‌కి ఒకటే. పాటల మధ్య మీరు పెట్టిన తేడా చెక్కుచెదరదు. ప్లేలిస్టులో, షఫుల్‌లో మాత్రం ఒక్కో పాటనీ విడిగా సవరిస్తుంది. కాబట్టి నెమ్మదైన పాటను భయపడి పెంచకండి.

అపోహ: పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్లు వదిలితే చాలు.

వాస్తవం: ముందు పాట ఆఖరి రివర్బ్ (ప్రతిధ్వని) ఎంతసేపు మోగుతోందో, తర్వాతి పాట మొదటి దెబ్బ ఎక్కడ పడితే బాగుంటుందో ప్రతిసారీ చెవితో తేల్చాల్సిందే. రెండు పాటలు ఆగకుండా కలిసిపోవాలంటే కత్తిరింపు దగ్గర ఫేడ్ (శబ్దాన్ని మెల్లగా తగ్గించడం, పెంచడం) పెట్టొద్దు, ఒక్క శాంపిల్ (డిజిటల్ శబ్దంలో అతి చిన్న ముక్క) కూడా పోనివ్వొద్దు. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి వేవ్ (కుదించని) ఫైళ్లే పంపండి. ఎంపీ3 చేస్తే ఫైల్ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరి అతుకు దగ్గర తెగుతుంది. వినేవాళ్లు యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) ఆపేసి వినండి.