హెడ్ గ్యాస్కెట్ దగ్గర పీడనం ఎటు తోస్తోంది?

జయపురం నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన తన డీజిల్ జీపుకు ఇంజన్ పని పూర్తిగా చేయించారు. బోరింగ్ (సిలిండర్ల లోపలి గోడలు చెక్కడం), హెడ్ ఫేసింగ్ (సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు అడుగును చదును చేయడం) అయ్యాక కొత్త హెడ్ గ్యాస్కెట్ వేశారు. హెడ్డుకూ, కింద సిలిండర్లుండే బ్లాకుకూ మధ్య ఉండి, సిలిండర్ల వాయువు పక్కనున్న నీటి దారుల్లోకి పోకుండా ఆపేది ఈ గ్యాస్కెట్టే. ఊళ్లో తిరిగినంతకాలం బండి బాగానే ఉంది కాని, సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కేటప్పుడు రేడియేటర్ పక్కనున్న డబ్బాలోంచి నీళ్లు పొంగిపోతున్నాయి. లోపల గాలి చిక్కుకుందని ఒక మెకానిక్, గ్యాస్కెట్ మళ్లీ పోయిందని మరొక మెకానిక్ చెప్పారట. హెడ్డు దింపకుండా ఎవరి మాట నిజమో తేల్చవచ్చా అని ఆయన అడిగారు. తేల్చవచ్చు. అందుకు చూడవలసింది ఒక్కటే: నీళ్లలోని వాయువు ఇంజన్ పని చేయించిననాడు లోపల మిగిలిపోయిన గాలేనా, లేక ఇంజన్ తిరిగే ప్రతి క్షణం కొత్తగా పుడుతున్నదా?

గ్యాస్కెట్ పలుచని రేకే అయినా అది ఆపుతున్న బలం చాలా పెద్దది. నేటి టర్బో డీజిల్ ఇంజన్లలో పూర్తి లోడు మీద దహన పీడనం 150 బార్లు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దాటడం మామూలే. 80 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ మీద ఆ పీడనం సుమారు ఏడున్నర టన్నుల బలంతో హెడ్డును పైకి తోస్తుంది. అదే ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు పీడనం అందులో సగానికి కూడా చేరదు. అందువల్లనే ఊళ్లో నిలిచిన గ్యాస్కెట్ ఘాటులో ఓడిపోవచ్చు. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు త్వరగా మరుగుతాయి కనుక పొంగుతున్నాయని కొందరు అంటారు. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయన్నది నిజమే. కాని రేడియేటర్ మూత లోపల 0.9 బార్ అదనపు పీడనం నిలిపి ఉంచితే, అంత ఎత్తులోనూ మరుగు స్థానం 117 డిగ్రీల వరకు ఉంటుంది. మూత సరిగా ఉంటే తప్పు కొండది కాదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్షకు వస్తాను, ఎందుకంటే దానికి పరికరమే అక్కరలేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను ఉదయం మూత బిగించి స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉంటూ రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. ఒకటి రెండు నిమిషాల్లోనే, గొట్టం ఇంకా చల్లగా ఉండగానే అది గట్టిపడితే, ఆ పీడనం వేడి వల్ల వచ్చింది కాదు. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 0.04 బార్ మాత్రమే, 90 డిగ్రీలకు చేరితే గాని అది 0.7 బార్ కాదు. అంటే చల్లని నీటికి గొట్టాన్ని ఉబ్బించే శక్తి లేదు. మిగిలిపోయిన గాలికీ ఆ శక్తి లేదు, ఎందుకంటే 10 డిగ్రీలు వేడెక్కినంత మాత్రాన గాలి పీడనం మూడు శాతం పెరుగుతుందంతే. కనుక చల్లని గొట్టం గట్టిపడిందంటే లోపలికి వాయువు ఎక్కడి నుంచో వచ్చి చేరుతోంది, అలా చేరేంత పీడనం సిలిండర్‌లో తప్ప ఆ పరిసరాల్లో మరెక్కడా లేదు. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండుతుంది కాబట్టి, కంటికి కనిపించనంత సన్నని దారి ఉన్నా వాయువు త్వరగానే పోగుపడుతుంది. చిక్కుకున్న గాలి తీరు వేరు. మూత తీసి ఇంజన్ తిప్పితే బుడగలు కాసేపు వచ్చి, నీళ్లు కొంత దిగి, ఆగిపోతాయి. అవి ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎక్కువైతే గాలి వాదానికి ఇక బలం ఉండదు. మూతను మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

ఆ వాయువు దహనం నుంచి వచ్చిందేనని రంగుతో నిరూపించవచ్చు. బ్రోమోథైమాల్ బ్లూ అనే ద్రవం క్షారంలో నీలంగా, ఆమ్లంలో పసుపుగా ఉంటుంది. రేడియేటర్‌లో నీళ్లు కొంచెం తగ్గించి, పైన చేరే వాయువును ఈ ద్రవం గుండా పీల్చితే, పొగలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి కార్బోనిక్ ఆమ్లమై నీలాన్ని పసుపుగా మార్చేస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అయ్యే మార్పు కూడా ఈ కోవలోదే, అక్కడ రంగు మార్చేది క్షారం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే గనుక చిక్కుకున్న గాలి ఈ రంగును మార్చలేదు. మన ఊపిరిలో అది సుమారు 4 శాతం ఉంటుంది, కాబట్టి గొట్టంతో ఊదినా ద్రవం పసుపవుతుంది. రాయగడ, గుణుపురం బడుల్లో సూచికల పాఠం లిట్మస్ కాగితంతో ముగించకుండా, ఒక మెకానిక్‌ను పిలిచి ఈ పరీక్ష పిల్లల ముందు చేయించాలని నాకు ఎంతో కోరిక. డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు పొగలో అదనపు గాలి ఎక్కువగా ఉంటుంది, అందువల్ల రంగు ఆలస్యంగా మారుతుంది. ఇంజన్‌ను కొంతసేపు పైవేగంలో తిప్పి చూడాలి.

ఇంజన్ ఆపగానే పీడనం దిశ తిరగబడుతుంది. సిలిండర్‌లో వాతావరణ పీడనమే మిగులుతుంది, వేడి నీళ్లలో మాత్రం దానికి పైన ఇంకా 0.9 బార్ వరకు ఉంటుంది, కాబట్టి వాయువు వచ్చిన దారినే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. ఉదయం ఇంజన్ తడబడుతూ అందుకోవడానికి, తెల్లని ఆవిరి కక్కడానికి ఇదొక కారణం. చేతి పంపుతో రేడియేటర్ నీళ్లకు మూత మీద రాసి ఉన్నంత పీడనం పెట్టి, రాత్రంతా ఉంచి, తెల్లవారి గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్ కోసం సిలిండర్లను వేడిచేసే ప్లగ్గులు) విప్పి సెల్ఫ్ కొడితే, లీకున్న సిలిండర్ రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయి. ప్లగ్గులు విప్పకుండా స్టార్ట్ చేయకూడదు. నీరు నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తెల్లని పొగ చూడగానే గ్యాస్కెట్ పోయిందనుకోవడమూ సరికాదు. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది, కొరాపుట్ చలికాలపు ఉదయాన ఆ నీరే ఆవిరిగా కనిపిస్తుంది. సైలెన్సర్ వేడెక్కాక అది మాయమైతే భయపడనక్కరలేదు.

ఇక్కడ ఒక మూఢనమ్మకం గురించి చెప్పక తప్పదు. బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం వల్ల ఇంజన్‌కు నష్టమేమీ లేదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం మాత్రం హాని చేస్తుంది. అది పీకితే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, లీకు కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది, గ్యాస్కెట్ మాత్రం లోలోపల కాలుతూనే ఉంటుంది.

కొత్తగా వేసిన గ్యాస్కెట్ ఎందుకు పోతుందో చూస్తే, ఎక్కువసార్లు గ్యాస్కెట్‌లో దోషమే ఉండదు. బోల్టును ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచి మీద మనం పెట్టే శ్రమలో దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికి, 40 శాతం బోల్టు మర చుట్ల రాపిడికి పోతుంది. మిగిలిన 10 శాతమే బోల్టును సాగదీస్తుంది, ఆ సాగుదలే హెడ్డును పట్టి ఉంచుతుంది. తుప్పు వల్ల రాపిడి వాటా 90 నుంచి 95కు పెరిగితే బోల్టు బిగువు సగానికి పడిపోతుంది, రెంచి మాత్రం అదే అంకె చూపుతుంది. ఈ కారణంగానే చాలా కంపెనీలు కొంత టార్క్ (తిప్పే బలం) తరువాత ఇన్ని డిగ్రీలు తిప్పమని చెబుతాయి: మర చుట్ల మధ్య 1.5 మిల్లీమీటర్ల దూరం ఉన్న బోల్టును 90 డిగ్రీలు తిప్పితే, రాపిడి ఎంతున్నా అది 0.375 మిల్లీమీటర్లు ముందుకు పోవలసిందే. బ్లాకు కడిగిన నీళ్లో, నూనో బోల్టు గుంతల అడుగున మిగిలినా బోల్టు హెడ్డును పట్టకముందే రెంచి పలుకుతుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. ఒకసారి సాగిపోయేలా చేసిన బోల్టులను తిరిగి వాడితే వాటిలో సాగే గుణం మిగలదు.

అల్యూమినియం హెడ్డు, ఇనుప బ్లాకు ఉన్నచోట మరొక చిక్కుంది. 400 మిల్లీమీటర్ల పొడవుకు 80 డిగ్రీల వేడిలో హెడ్డు 0.74, బ్లాకు 0.35 మిల్లీమీటర్లు పెరుగుతాయి. ఆ తేడా అంతా గ్యాస్కెట్ మీద ఒరిపిడిగా పడుతుంది. పలు పొరల ఉక్కు గ్యాస్కెట్ దానికి తట్టుకోవాలంటే ఫేసింగ్ చాలా నున్నగా ఉండాలి. గ్రైండర్‌కు గరుకు డిస్కు తగిలించి శుభ్రం చేస్తే అల్యూమినియంలో పల్లాలు పడతాయి, అక్కడే వాయువుకు దారి దొరుకుతుంది.

కనుక జయపురం పాఠకుడు ముందు చల్లని గొట్టం పరీక్ష, తరువాత రంగు పరీక్ష చేయించుకోవాలి. రెండూ లీకు చూపితే హెడ్డు దింపక తప్పదు. అప్పుడు పాత గ్యాస్కెట్‌ను పారేయనివ్వకుండా తిరిగి హెడ్డు మీద పరచి, మసి చార ఏ సిలిండర్ నుంచి ఏ నీటి రంధ్రానికి పోయిందో గుర్తుపెట్టి, సరిగ్గా ఆ చోట స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారైన ఉక్కు బద్ద) ఆనించి 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) దాని కిందికి దూరుతుందేమో చూడమని మెకానిక్‌ను అడగాలి.