గాలికి నిలిచే గింజ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

చిన్నోడి ఉత్తరం అందింది. "ఫోనులో స్టాండప్ కమెడియన్ బాబాల మీదా నాయకుల మీదా జోకులేస్తుంటే నాన్న ఆపేయమన్నాడు. పెద్దవాళ్లని చూసి నవ్వితే తప్పా తాతయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్నే అడిగావురా.

సార్వా కోతలయ్యాక మేం కళ్లంలో ధాన్యం ఎగరబోసేవాళ్లం. పీటెక్కి తట్టెత్తి పోస్తుంటే తాలూ పొట్టూ గాలికి అవతలికి పోయేవి. గట్టిగింజ తిన్నగా కిందకి రాలేది. నవ్వు ఆ గాలిలాంటిది. తట్ట పట్టుకున్నవాడు కమెడియన్. వేషం లేదు, మేళం లేదు, చేతిలో మైకొక్కటే. "ఎవరు చూశారు? ఎవరు చెప్పారు?" అంటూ ఒక్కో మాటా ఎత్తి పోస్తాడు. గాలాడకపోతే ఆగుతాడు, అంటే జనం నవ్వకపోతే జోకు సరిచేసుకుని మర్నాడు మళ్లీ పోస్తాడు. గాలివాటం చూసుకోకపోతే పొట్టు పోసినవాడి కళ్లలోనే పడుతుంది. ఇంకోటి, పరిగె ఏరుకునే ముసలమ్మ ఒళ్లోని గింజలు లాక్కుని ఎవరూ ఎగరబోయరు. లేనివాణ్నీ నత్తివాణ్నీ వెక్కిరించడం నాకసలు గిట్టదు.

మా చిన్నప్పుడు మాధవపట్నం నుంచి తోలుబొమ్మలాట వాళ్లు వచ్చేవారు. తెల్లటి తెర, వెనక దీపాలు, రంగులద్దిన మేకతోలు బొమ్మలు. రావణుడు పది తలలతో గర్జిస్తుంటే చాపల మీద ఒకరినొకరం పట్టుకుని కూర్చునేవాళ్లం. అంతలో నవ్వించే బొమ్మ కేతిగాడు గెంతుకుంటూ వచ్చి, "జలుబు చేస్తే ముందు ఏ ముక్కు తుడుస్తావయ్యా?" అనేవాడు. ఇంకెక్కడి భయం! మునసబుగారి పొలంగట్టు ఏటేటా పక్కచేలోకి ఎలా జరుగుతోందో కూడా వాడే అడిగేవాడు. ముందువరసలో కూర్చున్న మునసబూ నవ్వాల్సి వచ్చేది. అదే మాట పాలేరు అంటే వీపు చిట్లేది, బొమ్మ నోట వస్తే చప్పట్లు. ఎంత వింతో చూడండి!

రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధిని పత్రిక పెట్టి, తోడుగా హాస్యసంజీవని నడిపారు. లంచగొండుల్నీ, పసిపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టేవాళ్లనీ ప్రహసనాల్లో ఉతికి ఆరేశారు. నవ్వించి ఊరుకోలేదు. ఊరంతా ఎదురు తిరిగినా 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం దగ్గరుండి జరిపించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి జోకు విన్నప్పుడు నవ్వండి. నవ్వాక అది ఎవరికి తగిలిందో, వాళ్లు చెప్పినవాడికంటే పైవాళ్లో కిందవాళ్లో ఒక్క క్షణం ఆలోచించండి.

సెలవులకొస్తే మాధవపట్నం తీసుకెళ్తాను. తెర వెనక్కి వెళ్లి, అడిగి, కేతిగాడి బొమ్మని రావణుడి బొమ్మ పక్కన పెట్టి చూడండి, వాడు ఎంతెత్తున వస్తాడో.

మీ తాతయ్య