పిల్లల చదువు మూల: బల్ల చేయించే ముందు వదిలించుకోవలసిన అపోహలు

ఇళ్లకు లోపలి అమరికలు చేసే వృత్తిలో ఉన్నందువల్ల, జూన్‌లో బడులు తెరిచే ముందు నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "పాపకు స్టడీ టేబుల్ చేయించాలండీ, ఎంతవుతుంది?" ధర చెప్పడం సులభమే. ఆ బల్ల ముందు కూర్చునే పాప ఎత్తెంత, వెలుగు ఎటువైపు నుంచి పడుతుంది, గోడకు అవతల టీవీ ఉందా అని నేను తిరిగి అడిగితే మాత్రం అవన్నీ ఎందుకన్నట్టు చూస్తారు.

అపోహ: పెద్దల కొలతతో చేయిస్తే ఎదిగాక కూడా పనికొస్తుంది.

వాస్తవం: మన వడ్రంగులు అలవాటుగా చేసే బల్ల ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ ఎత్తు 18 అంగుళాలు. ఇవి పెద్దవారికి సరిపోయే కొలతలు. దాదాపు 140 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లకు 24 లేదా 25 అంగుళాల బల్ల, 14 లేదా 15 అంగుళాల కుర్చీ కావాలి. ఈ పొరపాటు కొన్నేళ్ల కిందట కూకట్‌పల్లిలోని ఒక ఫ్లాట్‌లో నేనే చేశాను. నెల తరువాత వేరే పని మీద వెళ్లి చూస్తే, అయిదో తరగతి చదువుతున్న ఆ పాప భుజాలు చెవుల దాకా ఎత్తి, గడ్డం నోటుబుక్కుకు తగిలేంతగా వంగి రాస్తోంది. కాళ్లు నేలకు అందక వేలాడుతున్నాయి. బల్లను గోడకు బిగించేశాం కాబట్టి దించే వీలు లేదు. కుర్చీకీ బల్లకూ మధ్య తేడా 10 అంగుళాలకు తగ్గేలా కుర్చీ మీద 2 అంగుళాల గట్టి దిండు వేసి, వంటింటి మూలన పడి ఉన్న చెక్కపీటను పాదాల కింద పెట్టాం. భోజనానికి కింద కూర్చోవడం మానేశాక ఆ పీటకు మళ్లీ ఇప్పుడు పని దొరికిందని వాళ్ల అమ్మమ్మ నవ్వారు.

అపోహ: నేల మీద కూర్చుని చదివితే నడుము పాడవుతుంది.

వాస్తవం: ఇబ్బంది కూర్చోవడంలో కన్నా పుస్తకాన్ని నేల మీద పరచి గంటలకొద్దీ దాని మీదికి వంగడంలోనే ఎక్కువ. పుస్తకాన్ని వ్యాసపీఠం మీద నిలిపితే మెడ అంతగా వంగదు. రాయడానికి ఒళ్లోకి వచ్చే ఏటవాలు డెస్కు చాలు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలన్న నియమం కుర్చీకైనా చాపకైనా ఒకటే.

అపోహ: గదిలో ట్యూబ్‌లైటు ఉంటే వెలుగు చాలినట్టే.

వాస్తవం: ట్యూబ్‌లైటు వెనుక గోడకు ఉంటే పిల్లవాడి తల నీడ సరిగ్గా పేజీ మీదే పడుతుంది. చదువుకోవడానికి పుస్తకం మీద 300 నుంచి 500 లక్స్ (ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉండాలి. గది మధ్య దీపం ఒక్కటే ఉంటే మూలనున్న బల్లకు అంత వెలుగు అందడం అరుదు. కుడిచేతివాటం వారికి బల్లదీపం ఎడమవైపు, ఎడమచేతివాటం వారికి కుడివైపు ఉండాలి. పిల్లలది ఎడమచేతివాటమా అని అడగడం నేనూ మరచిపోతుంటాను. మసక వెలుగులో చదివితే కళ్లు అలసిపోతాయే గాని శాశ్వతంగా చెడిపోవు. హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) విషయంలో పగటిపూట ఆరుబయట గడిపే సమయం ముఖ్యమైనది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిరోజుల్లో మరో 40 నిమిషాలు బయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనించారు. 2015లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి రాగా, ఉన్న బడుల్లో అది 30.4 శాతమే. కాబట్టి ఎంత మంచి దీపం కొన్నా సాయంత్రం ఆటను మాన్పించకండి.

అపోహ: తూర్పు ముఖంగా కూర్చుంటేనే చదువు అబ్బుతుంది.

వాస్తవం: దిక్కు గురించి నేను ఎవరితోనూ వాదించను. అయితే తూర్పు కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంటే ఉదయపు ఎండ కళ్లలో పడుతుంది కాబట్టి, పలుచని తెర ఒకటి వేయిస్తాను.

అపోహ: ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటేనే చదివింది గుర్తుంటుంది.

వాస్తవం: 1978లో స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ అనే మనస్తత్వ పరిశోధకులు జరిపిన ప్రయోగంలో, ఒకే పదాల జాబితాను రెండు వేర్వేరు గదుల్లో చదివినవారు ఒకే గదిలో రెండుసార్లు చదివినవారికన్నా ఎక్కువ పదాలు గుర్తుతెచ్చుకున్నారు. పుస్తకాలు, పెన్నులు ఉండే చోటు స్థిరంగా ఉండాలి. పిల్లవాడు ఒక పాఠాన్ని వరండాలో చదువుతానంటే చదవనివ్వండి.

అపోహ: ప్రత్యేకంగా ఒక గది ఉంటే తప్ప చదువు సాగదు.

వాస్తవం: రెండడుగుల లోతు, మూడడుగుల వెడల్పు బల్ల పట్టే స్థలం చాలు. గదికన్నా శబ్దం గురించి ఎక్కువగా ఆలోచించాలి. ఫ్యాను హోరు కొంతసేపటికి చెవికి అలవాటవుతుంది. అర్థమయ్యే మాటలు మాత్రం, వినకూడదని అనుకున్నా, చదువుతున్న వాక్యానికి అడ్డుపడతాయి. హాలులో సీరియల్ నడుస్తుంటే, దాని మాటలు స్పష్టంగా వినిపించే పక్కగదికన్నా వంటింటిని ఆనుకుని ఉన్న భోజనాల బల్లే మేలు కావచ్చు. అందుకే కొలతలు తీసుకోవడానికి పగలు కాకుండా రాత్రి ఏడున్నరకు, ఇంట్లో టీవీ పెట్టే వేళకు వస్తానని ముందే చెబుతాను.